ప్రకంపనలు మాత్రమే

పద్నాలుగేళ్లుగా అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆఫీసులో రాసి ఇస్తే నా కాగితం మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. ఇంగ్లీషు పత్రికల సంపాదకులకు కార్డులు రాస్తే ఒక్కటీ అచ్చు కాలేదు. అందిందని కూడా ఎవరూ తెలియజేయలేదు. ఇవన్నీ గుర్తుపెట్టుకున్నాను, మరిచిపోయే అలవాటు నాకు లేదు. కానీ నన్ను నిజంగా కోసింది హైదరాబాద్ లాడ్ బజారులో గాజుల దుకాణంలో కూర్చునే ఒక మనిషి మౌనం. ఆయన్ను నేను అడిగింది చిన్న ప్రశ్న. తొంభై మూడులో ఒకరోజు ఆయన నాలుగింటి బస్సు ఎక్కవలసి ఉండగా ఎక్కలేదు. అందుకు కారణం నా మాటేనా, కాదా?

నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటరుగా పనిచేశాను. టెలిప్రింటరు మీద ఇంగ్లీషులో వచ్చే వార్తల్ని తెలుగు చేయడం నా పని. ఉండేది పాతబస్తీలోని గౌలిపురలో, పాలవాళ్ల ఇళ్ల నడుమ, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తుకోవలసిన సందులో. ఆఫీసులో నాకు పేరు తెచ్చింది వేగం. ఇంగ్లీషు వాక్యం కంట పడేలోపే నా చేయి తెలుగు రాసేసేది. అప్పట్లో అదే గొప్ప అనుకున్నాను.

మా డెస్కు గోడ మీద ఒక పట్టిక అతికించి ఉండేది. రిటైరైపోయిన ఎవరో పెద్దాయన చేతిరాత. ట్రెమర్ అంటే ప్రకంపన. ఆఫ్టర్‌షాక్ అంటే అనంతర ప్రకంపన. ఎపిసెంటర్ అంటే భూకంప కేంద్రం. రాక్డ్ అంటే కుదిపేసింది. ఆ పట్టికను ఆయన భూకంపాల కోసమే రాసి ఉంటాడు పాపం. నేను చేరాక అది పనికొచ్చింది రాజకీయాలకు, షేర్ మార్కెట్టుకు, క్రికెట్టుకు. ఒక మంత్రి అలిగితే ఇంగ్లీషులో పాలకపక్షంలో ట్రెమర్స్ వచ్చేవి. ఆయన అలక తీరాక మిగిలిన గొణుగుడు ఆఫ్టర్‌షాక్స్. మార్కెట్టు పడితే బొంబాయిలో ఒక వీధి ఎపిసెంటర్ అయ్యేది. ఇద్దరు బ్యాట్స్‌మెన్ వెంటవెంటనే అవుటైతే జట్టు రాక్డ్.

ఇంగ్లీషు పుట్టిన నేల పెద్దగా కదలదని చదివాను. కదలని నేల మీద బతికేవాళ్లకు ఈ మాటలు ఆటవస్తువుల్లా దొరికాయేమో. వాళ్ల దగ్గర ఎర్త్-షాటరింగ్ అనే మాటొకటి ఉంది. భూమి బద్దలయ్యేంతటిది అని. దాన్ని ఎక్కువగా వాడేది లేదని చెప్పడానికే. ఫలానా బడ్జెట్టులో ఎర్త్-షాటరింగ్ సంగతులేమీ లేవు. ఫలానా పుస్తకం ఎర్త్-షాటరింగ్ ఏమీ కాదు. బద్దలు కాని భూమిని చూపించడానికి బద్దలయ్యే భూమిని పిలుస్తారు. మనకూ ఇలాంటివి లేవని కాదు. మా అమ్మ నా నడకను చూసి “భూమి అదిరెటట్టు నడుస్తవేందిరా” అనేది. కానీ అమ్మ ఒక్కత్తి, నేను ఒక్కణ్ని, అక్కడితో సరి. పత్రిక లక్షలమందికి పోతుంది, రోజూ పోతుంది.

ఇక ఆ మనిషి సంగతి. ఆయన మా ఆఫీసులో పేస్టింగ్ చేసేవాడు. అప్పటికింకా పేజీలు కంప్యూటర్లో తయారయ్యేవి కావు. కంపోజైన వార్త బ్రోమైడ్ కాగితం మీద పొడుగాటి పట్టీలుగా వచ్చేది. ఆ పట్టీలను బ్లేడుతో కోసి, జిగురు రాసి, పేజీ అంత షీటు మీద అతికించాలి. ఒక వెంట్రుకవాసి వంకరపోయినా పొద్దున ఊరంతా చూస్తుంది. ఆయన అతికిస్తే స్కేలు పెట్టి చూసినా తప్పు దొరికేది కాదు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ని, ఆయన నన్నూ అందర్నీ అన్నా అనేవాడు. ఉర్దూ బాగా చదువుతాడు. తెలుగు కూడబలుక్కుంటాడు. ఇంగ్లీషు రాదు.

భాయ్‌ను పెంచింది వాళ్ల అక్క. ఆపా అనేవాడు. ఆమెను మరాఠ్వాడా వైపు ఒక పల్లెకు ఇచ్చారు. ఒకప్పుడు అదంతా హైదరాబాద్ రాజ్యమే కనుక పాతబస్తీలో చాలా ఇళ్లకు అటువైపు చుట్టరికాలు ఉండేవి. ఏడాదికి రెండుసార్లు ఆపా వచ్చేది. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి తమ్ముడితో ఆఫీసుకు పంపేది. నేనూ తిన్నాను.

తొంభై మూడులో, నేను మొదట చెప్పిన ఆ రోజు, తెల్లవారకముందే భూమి కదిలింది. మా సందులో పాలు పితుకుతున్నవాళ్లకు తెలిసింది. కొందరు నిమజ్జనం నుంచి తిరిగొస్తున్న లారీ అనుకున్నారట. నేను నిద్రలో ఉన్నాను. ఏళ్ల తరబడి కాగితం మీద రోజూ రాసినదాన్ని, నిజంగా వచ్చిననాడు నేను చూడలేదు.

పదింటికి ఆఫీసుకు వెళ్లేసరికి టెలిప్రింటరు ఊపిరాడకుండా కొడుతోంది. నాకు ముందుగా ఇచ్చింది మాత్రం రాజకీయ వార్త. పాలకపక్షంలో ట్రెమర్స్. ప్రకంపనలు అని రాసిచ్చేశాను. ఆ తర్వాత మరాఠ్వాడా భూకంపం కాపీ చేతికొచ్చింది. పెద్ద వార్త ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్కను మేం టేక్ అనేవాళ్లం. మధ్యాహ్నం మూడింటి టేకులో రెండు జాబితాలు ఉన్నాయి. నేలమట్టమైన ఊళ్లు ఇవీ అని ఒకటి. ట్రెమర్స్ వచ్చిన ఊళ్లు ఇవీ అని ఇంకొకటి.

అప్పుడు వచ్చాడు భాయ్. భుజాన గుడ్డసంచి. ఎస్టీడీ బూత్ దగ్గర రెండు గంటలు నిలబడినా లైను కలవలేదట. నాలుగింటికి గౌలిగూడ బస్టాండు నుంచి అటు బస్సు ఉంది.

“అన్నా, జర దేఖో. మా ఆపా ఊరు ఏ లైన్ల ఉన్నది?”

ఊరి పేరు చెప్పాడు. వెతికాను. రెండో జాబితాలో ఉంది.

“ట్రెమర్స్‌ల ఉంది భాయ్.”

“గవ్వంటె ఏంది? ఇండ్లు పడ్డయా?”

“పడలే. అదిరింది, అంతే.”

“పక్కానా?”

“పక్కా. పొద్దుగాల పార్టీల గూడ ట్రెమర్సే రాసిన. ఎవడన్న పడ్డడా?”

భాయ్ నవ్వాడు. “ఏ, కుర్సీ ఇడ్సిపెడ్తరా వాళ్లు!”

“గందుకే చెప్తున్న. ఫికర్ చెయ్యకు. రేపు లైన్ కలుస్తది, ఫోన్ల మాట్లాడు.”

ఆయన సంచి తీసి బల్ల కింద పెట్టాడు. బ్లేడు చేతికి తీసుకున్నాడు. నా డ్యూటీ ఐదింటికి అయిపోయింది. ఇంటికి వెళ్లిపోయాను.

ఆ మాట నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ధైర్యం చెప్పాలని కూడా చెప్పలేదు. నాకు నిజంగా అదే అనిపించింది. పదేళ్లుగా నా చేతుల మీదుగా ఎన్ని ట్రెమర్స్ పోయాయో లెక్కలేదు. వాటిలో ఒక్క మనిషి చావలేదు, ఒక్క గోడ కూలలేదు. ఆ మాటకు బరువు ఉంటుందని నా చేతికి తెలియదు. పైగా అది మొదటి వార్త, తీగలు తెగిన చోటి నుంచి వచ్చిన వార్త, మారవచ్చు. అంత అనుభవం ఉన్నవాణ్ని ఆ సంగతైనా చెప్పవలసింది. చెప్పలేదు.

సాయంత్రం ఏడింటి టేకులో ఆ ఊరు మొదటి జాబితాకు మారింది. వేరే సబ్ ఎడిటరు తెలుగు చేశాడు. కంపోజైంది. బ్రోమైడ్ పట్టీ భాయ్ బల్ల మీదికి వచ్చింది. అతికించేవాడు చదవనక్కర్లేదు, కొలత చూసుకుంటే చాలు. కానీ ఆయన ఆ రోజు చదివాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, జిగురు రాసిన పట్టీని చేతిలో పట్టుకుని, అక్క ఊరి పేరు చదువుకున్నాడు. ఇది నాకు తర్వాత పేస్టింగ్ గదిలో వాళ్లు చెప్పారు. ఆ పట్టీని అతికించే వెళ్లాడట. బస్టాండులో బస్సు లేదు. తెల్లారాకే దొరికింది.

మరునాడు మా సందులో పాలాయన పేపరు నా ముందు చాపి అన్నాడు: “ఏంది సార్, మీ పేపర్ల లైను వంకరొచ్చింది?”

మొదటి పేజీ. రెండో కాలమ్. పైనుంచి కిందికి నిలువునా వంకర. అందులో మూడో ఊరు అదే. దాని పక్కనే, నిటారుగా, నేను రాసిన వార్త: ‘పాలకపక్షంలో ప్రకంపనలు’.

భాయ్ ఎనిమిదో రోజున తిరిగొచ్చాడు. పేస్టింగ్ గదిలో అందరూ చుట్టూ చేరారు. నేను గుమ్మం దాకా వెళ్లి నిలబడిపోయాను.

“ఇంట్ల నుంచి తీసినప్పుడు పాణం ఉండెనట,” అన్నాడు ఆయన. “మర్నాడు తెల్లారెదాంక ఉండెనట. తమ్ముడు రాలేదా, తమ్ముడు రాలేదా అని ఒక్కటే అడిగిందట. నేను వొయ్యేసరికి మట్టి గూడ అయిపోయింది.”

వాళ్లలో పోయిన మనిషి గోరీలో అయినవాళ్లు తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తారు. ఆ ఊళ్లో ఆ రోజు ఎవరికి ఎవరు వేశారో చెప్పగలిగినవాళ్లు లేరు. ఆపా ఎక్కడ ఉందో చూపించగలిగినవాళ్లూ లేరు. ఆయన ఒక చోట నిలబడి మూడు పిడికిళ్లు వేసి వచ్చాడట. ఆ చోటు ఆమెదో కాదో తెలియదు.

ఒకాయన అడిగాడు: “నాలుగింటి బస్సుకు పోతనంటివి గద భాయ్, ఎందుకు ఆగినవ్?”

భాయ్ తలెత్తి నన్ను చూశాడు.

“పేజీ ఉండె,” అన్నాడు.

అంతే. నన్ను తిట్టలేదు. ‘ఇంగ్లీషు తెలిసినోడు చెప్పిండు, నమ్మిన’ అని అందరి ముందూ అనవచ్చు. అనలేదు. ఆ మధ్యాహ్నం మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు మా ఇద్దరికే తెలుసు. అది దయా? నన్ను కాపాడాడా? లేక నా మాటకు ఆయన దృష్టిలో అంత విలువే లేదా? నిజంగానే పేజీ కోసమే ఆగాడా? వీటిలో ఏదో తేలక నేను పద్నాలుగేళ్లు పోగొట్టుకున్నాను. నిందించకుండా వదిలేయడం కూడా ఒక అవమానమే. దాన్నీ నేను గుర్తుపెట్టుకున్నాను.

తర్వాతి వారం న్యూస్ ఎడిటరుకు కాగితం రాసిచ్చాను. ఆయన గుంటూరు వైపు మనిషి. నేను రాసింది ఇంతే. భూమి కదిలినప్పుడు తప్ప ప్రకంపనలు, భూకంపం, భూకంప కేంద్రం అనే మాటల్ని మన పత్రికలో వాడవద్దు. పార్టీల్లో జరిగేవాటికి కలకలం ఉంది, గుబులు ఉంది, లుకలుకలు ఉన్నాయి, తెలుగుకు లోటు లేదు. ఆయన చదువుతూ చదువుతూనే టీ గ్లాసు దాని మీద పెట్టాడు.

“ఏంటి మాస్టారూ, ఒక్క మాటకింత రాద్ధాంతమా? హెడ్డింగులో ఊపుండాలండీ. గుబులంటే ఎవడు కొంటాడు?”

“మనుషులు చచ్చిన మాటండి అది.”

“మాటలకు మైల ఉంటదా ఏంటి? వెళ్లండి, వెళ్లి పని చూసుకోండి. ఇదేం భూమి బద్దలయ్యే సంగతి కాదు.”

ఆయన ఎదుట నిలబడి ఆ వాక్యం విన్నాను. ఎర్త్-షాటరింగ్ ఏమీ కాదు. గ్లాసు తీశాక కాగితం మీద గుండ్రటి మరక మిగిలింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది, ఎందుకంటే ఆయన తిరిగి ఇవ్వలేదు, చెత్తబుట్టలోంచి నేనే తీసుకున్నాను.

అప్పటినుంచి డెస్కులో నాకు రిక్టర్ గారు అని పేరు పెట్టారు. “రిక్టర్ గారొచ్చారు, ఇవాళ ఎంత నమోదైందండీ?” నా పదవీ విరమణ సభలో కూడా ఒకాయన మైకులో ఆ పేరే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను నోటుబుక్కు పెట్టాను. ఇంగ్లీషు పత్రికల్లో, మా పత్రికలో, కనిపించిన ప్రతి వాడకాన్నీ రాసుకున్నాను. కొన్నాళ్లకు ఒక సంగతి పట్టుబడింది. పాతబస్తీలో గొడవలై కర్ఫ్యూ పెట్టినప్పుడల్లా ఇంగ్లీషు పత్రికలు మా పేటల్ని ఎపిసెంటర్ అంటాయి. రెండు మతాల మధ్య ఫాల్ట్‌లైన్ అంటాయి, అంటే భూమి లోపలి పగులు. మళ్లీ ఎవరో పొడిస్తే ఆఫ్టర్‌షాక్. నేను ఆ ఎపిసెంటర్‌లో కూర్చుని, పాలప్యాకెట్టు దొరక్క, అది చదివేవాణ్ని. భూకంపానికి చేసినవాడు ఉండడు. భూమి తనంత తాను కదులుతుంది. అందుకే ఆ మాట అందరికీ అంత ఇష్టం. కత్తి పట్టినవాడు ఉండడు, పంపినవాడు ఉండడు, చూస్తూ ఊరుకున్నవాడు ఉండడు. కదిలింది, కూలింది. ఎవరినీ అడగడానికి లేదు.

ఈ సంగతి రాసి ఎన్ని కార్డులు వేశానో. ఒక్కటీ అచ్చు కాలేదు. రాసేటప్పుడు ప్రతిసారీ ఒక చోట నా చేయి ఆగేది. ఆపాను చంపింది భూమే కదా. అక్కడ చేసినవాడు నిజంగానే లేడు. కానీ తెల్లారేదాకా ఆమె తమ్ముడి కోసం చూసింది. ఆ చూపుకు భూమి కారణం కాదు.

మా ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చి పేస్టింగ్ గది మూసేశారు. భాయ్ లాడ్ బజారులో వాళ్ల మేనమామ గాజుల దుకాణంలో కూర్చున్నాడు. బ్లేడు పట్టిన వేళ్లతో లక్కగాజులకు అద్దాలు అతికించేవాడు. ఎప్పుడు వెళ్లినా సలాం చెప్పేవాడు. ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగేవాడు. నేను ఎందుకు వచ్చానో మాత్రం అడిగేవాడు కాదు.

రెండువేల ఒకటి జనవరిలో గుజరాత్‌లో భూకంపం వచ్చింది. మరునాడు నేను దుకాణానికి వెళ్లాను. ఎదురుగా టీవీల కొట్టులో ఇంగ్లీషు వార్తలు పెట్టారు. భాయ్ పని ఆపి చూస్తున్నాడు.

“అన్నా, ఎపిసెంటర్ ఎపిసెంటర్ అంటున్నడు. ఏంది అది?”

ఏడేళ్ల తర్వాత మళ్లీ ఒక ఇంగ్లీషు మాటకు అర్థం నన్ను అడిగాడు. ఈసారి తొందరపడలేదు. చెయ్యి గాజుల పెట్టె కింద పెట్టి చూపించాను.

“భూమి లోపల ఇరిగేది గీడ భాయ్, కింద, మనకు కనబడదు. దానికి సీదా మీద నేల మీదొచ్చే జాగ ఉంటది సూడు, గదే ఎపిసెంటర్.”

“అచ్ఛా. అంటే ఇరిగింది గక్కడ కాదన్నట్టు.”

“కాదు. ఇరిగింది లోపల.”

ఆయన తలూపాడు. ఇక ఆగలేక అడిగేశాను.

“భాయ్, ఆనాడు నేను ట్రెమర్సే అని చెప్పకపోతే నువ్వు బస్సెక్కుతుంటివా?”

ఆయన నా ముఖం వైపు చూశాడు. అప్పుడే ఇద్దరు ఆడవాళ్లు దుకాణంలోకి వచ్చారు. “ఆయియే ఆపా, ఏ సైజు?” అంటూ అటు తిరిగాడు. ఆపా అనే మాట గాజులమ్మేవాడు వచ్చినవాళ్లందరినీ అంటాడు. ఆ రోజు ఆ మాట వినలేకపోయాను. ఆయన నాకు చాయ్ తెప్పించాడు. చాయ్ చల్లారేదాకా కూర్చున్నాను. బేరం తెగలేదు, ఆయన ఇటు తిరగలేదు.

ఆ తర్వాత మూడు ఉత్తరాలు రాశాను, ఉర్దూ తెలిసిన మనిషిని పట్టుకుని, ఆయన చదువుకునే లిపిలో రాయించాను. జవాబు లేదు. పోయిన ఏడాది వెళితే దుకాణంలో భాయ్ మేనల్లుడు, చెల్లెలి కొడుకు, కూర్చుని ఉన్నాడు. మామూకు ఆరోగ్యం బాగాలేదన్నాడు. ఇల్లు ఎక్కడని అడిగితే, “కలుస్తలేడు సాబ్, ఎవర్ని కలుస్తలేడు” అన్నాడు. ఎవర్నీ అంటే నన్నేనా, అందర్నీనా? అదీ తేలలేదు.

అందుకే ఇది అచ్చుకు ఇస్తున్నాను. మన మధ్య జరిగింది ఇక దాచడానికి లేదు భాయ్. నువ్వు పేజీ ఉండె అన్నావు, నేను కాదంటున్నాను. ఆ మాట నేను అన్నాను. ఆ రోజు నీ ఊరి పేరు ఏ లైన్లో ఉందో చూసింది నేను, ఇండ్లు పడలేదన్నది నేను, పక్కా అన్నది నేను, నిన్ను నవ్వించింది నేను. ఇప్పుడు లోకానికంతా తెలుసు. నువ్వు నన్ను దాచవలసిన పని లేదు. ఆరోగ్యం బాగాలేదంటే నేను ఒప్పుకోను. మంచంలో పడుకుని కూడా ఒక్క మాట చెప్పవచ్చు, మేనల్లుడితో చెప్పించవచ్చు. గౌలిపురలో నా ఇల్లు నీకు తెలుసు. నా మాట నమ్మే ఆగావా? అవునను. కాదను. తిట్టు. కానీ ఈసారి ఎవరో వచ్చారని అటు తిరగవద్దు. నాకు జవాబు కావాలి భాయ్, నువ్వే చెప్పాలి.